వాద్యమునకు జ్ఞాపకము నిలుపు బ్యాటరీ

(సంఘ భవనమున ఆదివారపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై సాధారణముగ ప్రవచనమో, పద్యగానమో జరుగుచుండును. నేడు బల్లపై ముదురు గోధుమవన్నె పెట్టె యొకటియు, దాని ప్రక్కన స్క్రూడ్రైవరును, టంకము వేయు కడ్డీయు కనబడుటచే కొందరు చిరునవ్వు నవ్వుచున్నారు. రెండు మూడు కాఫీల ధరకు దొరకు బిళ్ళబ్యాటరీని మార్చుటకు సభ యెందులకని కార్యదర్శిగారు కూడ మొదట మమ్ము అడిగిరి. నిజమే. మార్చుటకు అరగంట చాలును. కాని మార్చుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. అది చేయకపోవుటచే మేమొకప్పుడు ఒక పెద్దాయనకు తీరని నష్టము చేసితిమి. ఆ సంగతి చెప్పుటకే ముఖ్యముగ ఇచటికి వచ్చితిమి.

ముందు ఈ వాద్యమును గూర్చి రెండు మాటలు. ఇది జపాను దేశపు యమహా వారు 1983లో వెలువరించిన డి.ఎక్స్. 7 అను సింథసైజరు. హార్మోనియమునకు వలెనే దీనికిని మెట్లు కలవు, అవి 61. ఒకేసారి 16 స్వరములు పలుకును. అయితే దీనిలో రీడులు లేవు, తిత్తి లేదు. నాదమంతయు అంకెల లెక్క. దాని మూలము అమెరికాలో ఉన్నది. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగు అను సంగీతజ్ఞుడు 1967లో స్వరమునకు కంపనము నిచ్చి పరీక్షించుచుండెను. మన గాయకులు స్వరమును ఊపుట వంటిదే అనుకొనుడు. ఆ ఊపును మిక్కిలి వేగవంతము చేయగా అది ఊపుగ వినబడుట మాని, సరిక్రొత్త నాదమై పలికినది. ఈ పద్ధతిని యమహా వారు ఆ విశ్వవిద్యాలయము నుండి అనుమతి పొంది తమ వాద్యములలో వాడుకొనిరి. గంటలు, లోహపు పలుకులు దీనిలో చక్కగ వచ్చును. వీణ, సన్నాయి రప్పించుటకు మాత్రము చాల ఓర్పు కావలయును.

ఎంత ఓర్పు? ఈ యంత్రమున నాదమును పుట్టించు భాగములు ఆరు. వానిని ఒకదానితో నొకటి కలుపు పద్ధతులు 32. ఏ భాగము ఎంత బిగ్గరగ పలుకవలెను, ఎంత త్వరగ లేవవలెను, ఎంత మెల్లగ అణగవలెను అనునవి యన్నియు వేర్వేరుగ అంకెలలో చెప్పవలెను. ఒక్క నాదమునకు ఇట్టి అంకెలు 145. వానిని చూపు తెర రెండు వరుసలది, వరుసకు 16 అక్షరములు. అనగా గోడకు చిన్న రంధ్రము చేసి, దాని గుండ చూచుచు ఇల్లంతయు సర్దుట వంటిది. అందుచేత దీనిని కొన్నవారిలో చాలమంది కంపెనీ వారిచ్చిన నాదములతోనే సరిపెట్టుకొనిరి. పట్టుదల గల కొందరు మాత్రము తమ చెవికి నచ్చువరకు రాత్రులు మేలుకొని సొంత నాదములు చేసికొనిరి. యంత్రమున 32 నాదములు దాచుకొనవచ్చును. అవి దాగి యుండు చోటే మన నేటి విషయము.

ఆ చోటు చిన్న చిప్పులలోని జ్ఞాపకము. దానికి విద్యుత్తు అందుచున్నంత కాలమే అది గుర్తుంచుకొనును. మన గుడులలోని అఖండదీపమును తలచుకొనుడు. నూనె పోయుచున్నంత కాలము వెలుగును. స్విచ్చి వేసి వాయించునప్పుడు గోడ నుండి వచ్చు విద్యుత్తే ఆ నూనె. స్విచ్చి ఆర్పి పెట్టెలో పెట్టినప్పుడు లోపల టంకము వేసి యున్న బిళ్ళబ్యాటరీ ఆ పని చేయును. దీపమారినచో మరల వెలిగింపవచ్చును. ఇచట ఆ వీలు లేదు. విద్యుత్తు తెగిన కొద్ది క్షణములలో 32 నాదములు పోవును. పోయినవి ఏ నిపుణుడును వెలికి తీయజాలడు.

ఆ బ్యాటరీ పేరు సి.ఆర్. 2032. పేరులోనే కొలతలున్నవి: అడ్డముగ 20 మిల్లీమీటర్లు, మందము 3.2 మిల్లీమీటర్లు. లిథియముతో చేసినది, 3 వోల్టులది. దీనిలో పట్టు విద్యుత్తు సుమారు 220 మిల్లీ ఆంపియరు గంటలు. జ్ఞాపకము నిలుపుటకు ఒక మైక్రో ఆంపియరు చొప్పున ఖర్చగుననుకొందము. లెక్క వేసినచో 2,20,000 గంటలు, అనగా 25 సంవత్సరములు. బ్యాటరీ తనంత తాను క్షీణించుట వేరుగ ఉండును గనుక అన్నియు అంతకాలము రావు. కాని 1980 ప్రాంతపు వాద్యములలో మొదట వేసిన బ్యాటరీలు 2000 సంవత్సరము దాటి కూడ పనిచేయుట మేము కన్నులార చూచితిమి. అసలు చిక్కు ఇదియే. ఏడాదికొకమారు మార్చవలసినదైనచో అందరికిని గుర్తుండెడిది. పాతికేండ్లకొకమారు మార్చవలసినది ఎవరికి గుర్తుండును?

ఇక మా సంగతి. 1998లో మాకు ఈ బరంపురముననే ఒక చిన్న మరమ్మతు దుకాణ ముండెను. రేడియోలు, టేపురికార్డర్లు, అప్పుడప్పుడు ఆర్కెస్ట్రాల యాంప్లిఫయర్లు వచ్చుచుండెను. ఒకనాడు పౌరాణిక నాటకములకు వాయించు హార్మోనిస్టుగారొకరు ఇట్టి డి.ఎక్స్. 7నే రిక్షాలో వేసికొని వచ్చిరి. ఒక మెట్టు సరిగ పలుకుట లేదు. మూడవనాటి రాత్రి ఇచ్ఛాపురమున ఆట. "రేపటికి కావలెను నాయనా" అని చెప్పి వెళ్ళిరి.

మెట్టు క్రింద దుమ్ము తప్ప వేరేమియు లేదు. అరగంటలో పని ముగిసినది. స్విచ్చి వేసి చూడగా బ్యాటరీ మార్చవలెనని తెరపై హెచ్చరిక కనబడినది. మేము సంతోషించితిమి! అడుగకయే పెద్దాయనకొక మేలు చేయుదమని, దాని వెల కూడ పుచ్చుకొనరాదని అనుకొంటిమి. పాతది ఊడదీసి, క్రొత్తది వేసి, మూత బిగించితిమి. మరల స్విచ్చి వేయగా తెరపై పేర్లున్నచోట అర్థము లేని గుర్తులు. ఒక మీట నొక్కిన కీచుమనినది, ఇంకొకటి నొక్కిన ఏమియు లేదు. ఏదో తీగ వదులైనదని మేము రాత్రి పదకొండు గంటల వరకు వెదకితిమి. తీగలన్నియు సరిగనే యున్నవి. మా చేతులే పాడుపని చేసినవని అర్థమగుసరికి తెల్లవారుజామైనది.

ఆయన తొమ్మిదేండ్లుగా ఆ పెట్టెలో నాదములు కూర్చుకొనుచు వచ్చిరట. పద్యము ఎత్తుకొనునప్పుడు నటుని గొంతును మ్రింగివేయక దాని క్రింద పరచుకొని యుండు హార్మోనియము ఒకటి, యుద్ధఘట్టమునకు ఒకటి, హరిశ్చంద్ర నాటకములో కాటిసీనుకు ప్రత్యేకముగ ఒకటి. ఏదియు కాగితముపై వ్రాసి పెట్టుకొనలేదు. చెవితో చేసిన పని, చెవిలోనే ఉన్నదనుకొనిరి. మేము జరిగినది చెప్పితిమి. కోపపడినచో మాకు కొంత తేలికగ ఉండెడిది. ఆయన పెట్టె వైపు కొంతసేపు చూచి, "బ్యాటరీ ఎంతయినది?" అని అడిగిరి. వలదనినను వినక సొమ్ము బల్లపై పెట్టి వెళ్ళిరి. ఇచ్ఛాపురమున ఆ రాత్రి పాత చేతి హార్మోనియముతో వాయించిరని విన్నాము. తరువాత ఏడో ఎనిమిదో నాదములను మరల చేసికొనగలిగిరట. కాటిసీనుది మాత్రము రాలేదట. మా దుకాణమునకు మరల రాలేదు.

ఆనాటి నుండి ఎవరి వాద్యము వచ్చినను మేము అడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: ఇందులో మీరు సొంతముగ దాచుకొన్నది ఏమైన ఉన్నదా? "ఏమో, తెలియదు" అన్నచో, ఉన్నదనియే భావించి పని మొదలుపెట్టుదుము.

ఈ బల్లపై నున్న వాద్యము మన ఊరి ఆర్కెస్ట్రాలలో ఇరువదేండ్లు వాయించిన ఒకరిది. పేరు చెప్పము, వారి పిల్లలు ఈ సభలోనే కూర్చున్నారు. ఆయన గతించిన పిమ్మట ఇది ఏడేండ్లు మంచము క్రింద ఉన్నది. సంఘమునకు ఇచ్చుటకు ముందు కుమారుడు దీనిని మా యొద్దకు తెచ్చి, "బ్యాటరీ మార్చవలెను మాస్టారూ, పిల్లలు నేర్చుకొనుటకు పనికివచ్చును" అనిరి. మేము మొదట స్క్రూడ్రైవరు ముట్టలేదు.

ఈ వాద్యమున ఫంక్షను మీట నొక్కి, 14వ మీట నొక్కినచో బ్యాటరీ ఎన్ని వోల్టులున్నదో తెరపై కనబడును. ఇతర వాద్యములలో పద్ధతులు వేరు. వాని పుస్తకములు చూచుకొనవలెను. క్రొత్త బ్యాటరీ 3 వోల్టులకు కొంచెము పైన చూపును. 2.5 దాకా దిగినచో ఇక ఆలస్యము చేయరాదని మా అభిప్రాయము. ఇది 2.4 చూపినది. అనగా లోపలి దీపము ఇంకను ఆరలేదు, నూనె అడుగంటినది.

ఇక దాచుట. పూర్వము కొన్ని వాద్యములకు క్యాసెట్టు టేపుపై దాచుకొను ఏర్పాటుండెను. రోలండు వారి 1984 నాటి జూనో 106 అట్టిది. ఆ టేపును వినినచో చెవులు చిల్లులు పడు కీచుధ్వని తప్ప మరేమియు వినబడదు. మా ఇంట ఒకరు అది పాడైన పాటల క్యాసెట్టనుకొని పైన సుప్రభాతము రికార్డు చేసిరి. డి.ఎక్స్. 7కు టేపు లేదు. వెనుక భాగమున మిడి అను గుండ్రని రంధ్రములున్నవి. వాద్యములు ఒకదానితో నొకటి మాటాడుకొనుటకై 1983లో ఏర్పడిన ఒడంబడిక అది. ఆ రంధ్రము నుండి ఒక తీగ తెచ్చి, దానిని కంప్యూటరునకు కలుపు చిన్న పరికరము నేడు అంగళ్ళలో దొరకును. మరీ చౌకవి ఇట్టి పొడవైన సమాచారమును మధ్యలో మ్రింగివేయుట కద్దు. కొంచెము మంచిది కొనుడు.

కంప్యూటరులో మిడి ఆక్స్ వంటి ఉచిత ప్రోగ్రామును తెరచి, రాబోవు సమాచారమును గ్రహించుటకు సిద్ధపరుపవలెను. వాద్యమున ఫంక్షను వరుసలోని 8వ మీటను మరల మరల నొక్కినచో ముందు సంఖ్య, తరువాత సిస్టము సమాచారమును గూర్చిన మాట, ఆ తరువాత పంపవలెనా అను ప్రశ్న వచ్చును. సమాచారము అందుబాటులో నుండునట్లు పెట్టి, ప్రశ్నకు ఔనని చెప్పవలెను. అంతే. 32 నాదములును సెకను కంటె కొంచెము ఎక్కువ కాలములో కంప్యూటరును చేరును. తొమ్మిదేండ్ల పని, ఇరువదేండ్ల పని, ఒక్క చిటికెలో! 1998లో ఈ తీగ మా దుకాణమున లేదు. తీగ లేదని కాదు, అడుగవలెనను తెలివి లేదు.

చేరినదని నమ్మి ఊరకుండరాదు. చేరిన ఫైలు పరిమాణము చూడుడు. సరిగ 4,104 బైట్లుండవలెను. ఒక్కటి తగ్గినను మరల పంపవలెను. తరువాత ఇంకొక పరీక్ష. డెక్స్‌డ్ అను ఉచిత ప్రోగ్రాము డి.ఎక్స్. 7 వలెనే కంప్యూటరులో పలుకును. ఈ ఫైలును దానిలో తెరచి, 32 నాదములను ఒక్కొక్కటిగ వినవలెను. విన్న తరువాతనే మూతపై చేయి వేయుడు. ఈ ఫైలు నకళ్ళు మూడు చేసి, ఒకటి సంఘమున, ఒకటి వారి కుటుంబమున, ఒకటి మా యొద్ద ఉంచితిమి.

ఆ 32 పేర్లలో సన్నాయికి నాలుగు రకములున్నవి. గుడిగంట ఉన్నది, గజ్జెలున్నవి, తంబురా ఉన్నది. పేరునకు పది అక్షరములకు మించి చోటు లేదు గనుక అన్నియు పొట్టిపేర్లు. పదునేడవ చోట "చిట్టి 2" అని యున్నది. అది ఏ వాద్యమని మేము కుమారుని అడిగితిమి. "వాద్యము కాదండీ, మా చెల్లెలి ముద్దుపేరు" అనిరి. ఆమెకు ఆ సంగతి తెలియదు. పిలిపించి వినిపించితిమి. చిన్న గంట వంటిది మ్రోగి, వెనుకనుండి పలుచని ఈలవంటి స్వరమొకటి లేచి, మెల్లగ ఆగిపోవును. చిట్టి 1 ఎక్కడను లేదు. దానిపైననే రెండవది వ్రాసియుందురు. ఆమె ఏమియు అనలేదు. మరల ఒకసారి మ్రోగించుడని మాత్రము అనినది.

ఇక లోపలి పని గూర్చి. ముందు గోడ నుండి ప్లగ్గు పూర్తిగ తీసివేయవలెను. స్విచ్చి ఆర్పిన చాలదు. పెట్టె లోపల గోడ విద్యుత్తు వచ్చు భాగము కలదు. కొందరు జ్ఞాపకము పోకుండుటకై విద్యుత్తు నడచుచుండగనే బ్యాటరీ మార్చుదురు. అది మేము ఒప్పుకొనము. నాదములు కంప్యూటరులో భద్రముగ నుండగా ప్రాణము మీదికి తెచ్చుకొనుట ఎందులకు? మరియొక మాట: జపానులో అమ్మిన వాద్యములు 100 వోల్టులవి. వెనుకనున్న చీటీ చదువక మన 230 వోల్టులకు తగిలించినచో బ్యాటరీ గూర్చి విచారపడు అవసరమే యుండదు.

పాత బ్యాటరీకి రెండు రేకులు అతికి, ఆ రేకులు బోర్డునకు టంకము వేసి యుండును. ప్లస్ ఎటు, మైనస్ ఎటు అని ముందు ఫొటో తీసికొనుడు. టంకము కరగించి రేకులను మెల్లగ తీయవలెను. లాగినచో బోర్డుపై రాగి గీత లేచిపోవును. మరల రేకుల బ్యాటరీయే వేయవచ్చును గాని, బిళ్ళను దూర్చుకొను చిన్న గూడును టంకము వేయుట మేలు. ఈ మారు మార్చువారికి కడ్డీతో పని యుండదు. వట్టి బిళ్ళపై నేరుగ కడ్డీ పెట్టరాదు. వేడికి అది పగులవచ్చును. అదే కొలతలో ఛార్జి చేయదగిన బిళ్ళలు కూడ అమ్ముచున్నారు. వాని వోల్టులు హెచ్చు, ఇచట పనికిరావు.

అన్ని వాద్యములలోను ఈ లిథియపు బిళ్ళయే యుండునని అనుకొనరాదు. కోర్గు వారి 1981 నాటి పాలీసిక్స్ లో ఛార్జి అగు నికెలు కాడ్మియము బ్యాటరీ యుండును. ముసలిదైనచో దాని నుండి క్షారము కారి, బోర్డుపై రాగిని తినివేయును. గోపాలపురపు సముద్రపుగాలి సోకు మన ఊళ్ళలో ఏ రాగికైనను కష్టమే. ఇది తోడైనచో చెప్పనక్కరలేదు. అట్టి వాద్యము మీ ఇంట నున్నచో అది పలుకుచున్నను నేడే తెరపించి చూడుడు. కారిన చోటను కొంచెము వెనిగరుతో తుడిచి, శుభ్రపరచి, బాగుగ ఆరనిచ్చుట వాడుక. ఆ స్థానమున లిథియపు బిళ్ళను ఊరక వేయరాదు. అచటి ఏర్పాటు బ్యాటరీని ఛార్జి చేయునది. లిథియపు బిళ్ళ ఛార్జికి ఓర్వదు. తెలిసినవారిచే ఏర్పాటు మార్పించవలెను.

క్రొత్తది వేసి స్విచ్చి వేయగనే తెరపై పిచ్చిగుర్తులు వచ్చును. ఆనాడు మమ్ము తెల్లవారుదాక వెదకించిన గుర్తులవియే. ఇప్పుడు భయము లేదు. జ్ఞాపకమునకు వేసియున్న రక్షణను తొలగించి, కంప్యూటరు నుండి ఆ 4,104 బైట్లను తిరిగి పంపినచో పేర్లన్నియు వచ్చి కూర్చుండును. రక్షణ తొలగించుట మరచినచో ఎన్నిమారులు పంపినను లోపలికి పోవు. శ్రుతిని కూడ ఒకమారు తంబురాతో సరిచూచుకొనుడు. మార్చిన తేదీని చిన్న కాగితముపై వ్రాసి మూత లోపల అంటించుడు. పాతికేండ్ల తరువాత తెరచువారు మనలను తలచుకొందురు.

తీసిన పాత బిళ్ళను బల్లపై వదలరాదు. చిన్నపిల్లలు మ్రింగినచో అది గొంతున చిక్కుకొని, రెండు గంటలలోనే లోపల కాల్చివేయగలదు. టేపు చుట్టి, డబ్బాలో వేసి, మూత పెట్టుదుము.

చెప్పవలసినది ఇంతే. ఇప్పుడు దీనిని మీ యెదుటనే తెరచెదము. ప్లగ్గు తీసియున్నది, నమ్మకము లేనివారు వచ్చి చూచుకొనవచ్చును. మొదటి వరుసలోని పిల్లలు ఒక్క అడుగు వెనుకకు జరుగుడు. చిట్టెమ్మా, నీవు మాత్రము ముందుకు వచ్చి ఈ దీపము పట్టుకొనవమ్మా.